నీడ యెటు పడును?

రామాపురములు మన దేశమున లెక్కకు మిక్కిలి. మేము చెప్పబోవునది తెనాలి, బాపట్ల, రేపల్లెల నడిమి సీమలోనిది. కాలువనీటితో వరి పండును. కోతకు ముందు వరిలో చల్లిన మినుము, వరి పోయిన వెనుక నేలలోని పదునుతోను మంచుతోను పెరుగును. గాలి మళ్లినప్పుడు సముద్రపు వాసన ముంగిటికి వచ్చును. ఇట్టి యూరి ప్రాథమిక పాఠశాలలో మేము కొంతకాలముగా పిల్లలకు చదువు చెప్పుచున్నాము. సంస్కృతము మాకు తండ్రిగారి వలనను, ఆంగ్లము కళాశాల వలనను అబ్బినవి. రెండింటను నోటిపనియే గాని చేతిపని లేదు. ఇది ఆత్మనిందకై చెప్పుమాట గాదు. మేము చేసిన యొక పొరపాటునకు మూల మచ్చటనే యున్నది గనుక ముందుగా చెప్పుచున్నాము.

బడులలో ప్రాజెక్టు అను మాట వాడుకపడినది మొదలు మా ప్రాంతపు స్టేషనరీ కొట్లకు క్రొత్త పండుగ యొకటి వచ్చినది. మార్కులు వేయుదినమునకు ముందటి సాయంకాలము అచ్చట నిలువబడి చూచినచో వినోదముగా నుండును. తండ్రి మోటారుసైకిలు దిగకయే "నాలుగో తరగతికి నీటిచక్రం ప్రాజెక్టు ఒకటి ఇవ్వండి" అనును. కొట్టువాడు ఏ తరగతికి ఏది కావలయునో మాకంటె బాగుగ నెఱుగును. అచ్చుబొమ్మల కాగితము, చార్టు, థర్మోకోలు పలక, రంగుల పెన్నులు, జిగురు ఒక్క సంచిలో పెట్టి యిచ్చును. ఇంట ఇంటరు చదువు అక్క వానిని కత్తిరించి యంటించును. ప్రాజెక్టు ఎవరిదో ఆ పిల్లవా డప్పటికే నిద్రించుచుండును. ఉదయమున వాడు దానిని రెండు చేతులతో నెత్తిపట్టి, ఉత్సవవిగ్రహమును మోయువానివలె బడికి తెచ్చును. ఉపాధ్యాయుడు చూచి తొమ్మిది మార్కులు వేయును. అది గోడ కెక్కును. అధికారి వచ్చి చూచి సంతోషించును. అందఱును సంతోషించు నీ కార్యమున నేర్చుకొన్న వాడెవ్వడో మాత్రము తెలియదు; మహా యైన నా అక్కగారు కత్తెర పట్టుట నేర్చియుండును.

మేమును కొన్నేండ్లిట్లే మార్కులు వేసితిమి. ఒక యేట ఒక బాలుడు కొబ్బరియీనెలతోను బంకమట్టితోను కాలువతూము నొకదానిని చేసి తెచ్చెను. అది దారిలోనే సగము విరిగెను. మిగిలిన సగమున పాతడబ్బారేకుతో చేసిన చిన్న తలుపొకటి యుండెను. "నీళ్లు పోస్తే తలుపు లేస్తుందండీ" అని వాడు చెప్పెను. మేము నీళ్లు పోయలేదు. చేతులు కడుగుకొని రమ్మంటిమి. ఆనాడు పటములకు తొమ్మిదేసి మార్కులు వచ్చెను, తూమునకు నాలుగు వచ్చెను. వాడిప్పుడు పెద్దవాడై యెచ్చటనో పనిచేయుచున్నాడు. ఆ తలుపు నిజముగా లేచునో లేదో మాకు నేటికిని తెలియదు.

ఈ ప్రాజెక్టను మాటకు మొదటి యర్థ మిదిగాదు. అమెరికాలో కిల్‌పాట్రిక్ అను విద్యావేత్త 1918లో ప్రాజెక్టు పద్ధతిని గూర్చి యొక వ్యాసము వ్రాసెను. పిల్లవాడు తన మనసార నొక యుద్దేశమును పెట్టుకొని, దానిని నెఱవేర్చుకొనుటకై చేయుపనియే ప్రాజెక్టని యాతని మతము. ఆతనికి గురుతుల్యుడైన జాన్ డ్యూయీ 1896లోనే చికాగోలో నొక బడి పెట్టి పిల్లలచేత వంటయు నేతయు వడ్రంగమును చేయించి వాని మూలమున చదువు చెప్పించెను. మన దేశమున 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసభయందు గాంధీమహాత్ముడు చేతివృత్తిని నడుమ నిలిపి చదువు దానిచుట్టు నల్లవలెనని చెప్పెను. జాకీర్ హుస్సేను అధ్యక్షుడుగా నొక సంఘ మందుకై ప్రణాళిక వ్రాసెను. బేసిక్ బడులు పెక్కుచోట్ల వెలసి, క్రమముగా తక్కిన బడులలో కలిసిపోయెను. కారణములు పెక్కులుండవచ్చును. మాకు తోచిన దొకటి చెప్పెదము. చేతిపని చేయువారి బిడ్డలు ఆ పని తప్పించుకొనుటకే బడికి వచ్చిరి. చేయనివారి బిడ్డలు ఆ పని తమకు తగదని యెంచిరి. చేతికి మన సంఘమున కులమున్నంతకాలము చేతితో చదువుట యను మాట ఇరువురికిని చేదుగానే యుండును.

మఱల 1980ల దశాబ్దిలో బ్రిటిషు ప్రభుత్వపు సాయముతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము మొదలయ్యెను. చేసి నేర్చుట, జట్లుగా పనిచేయుట, పరిసరములను పాఠమునకు వాడుకొనుట, పిల్లలు చేసిన వానిని తరగతిలో ప్రదర్శించుట మొదలైన ఆఱు సూత్రములను ఉపాధ్యాయులకు బోధించిరి. మే మప్పుడు పిల్లలము. మా తరగతిలో ఒక గోడనుండి యొక గోడకు త్రాడు కట్టి మా బొమ్మలను దానికి వ్రేలాడదీసిరి. చూచి మురిసితిమి. అయితే ఆ బొమ్మలే సంవత్సరాంతము వఱకు వ్రేలాడి వెలిసిపోయెను. 2009లో వచ్చి 2010 ఏప్రిలు 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము 29వ విభాగమున, కృత్యములచేతను అన్వేషణచేతను పిల్లలు నేర్వవలెనని శాసనముగానే వ్రాసిరి. దాని వెంట నిరంతర సమగ్ర మూల్యాంకనము వచ్చెను, ప్రాజెక్టు పనులకు వేఱుగా మార్కులు వచ్చెను, ఆ మార్కుల వెంట పైని చెప్పిన కొట్లకు బేరమును వచ్చెను. మంచిమాట యొకటి మార్కుగా మాఱినప్పుడు దాని కేమగునో చూచుటకు దూరము పోనక్కఱలేదు.

మూడేండ్ల క్రిందట మేమొక నియమము పెట్టుకొంటిమి: ప్రాజెక్టు బడి గడప దాటరాదు. బడిలోనే, బడివేళలోనే, ఊరిలో దొరకు వస్తువులతోనే పని జరుగవలెను. మొదట గింజ మొలకెత్తు పాఠము వచ్చినది. పుస్తకములలో వాడుకయైన విధమున దూదిలో చిక్కుడుగింజ పెట్టుమని చెప్పితిమి. ఒక పిల్లవాడు నవ్వెను. ఏల నవ్వితివనగా, "మా ఇంట్లో బస్తాలకు బస్తాలు మొలకెత్తిస్తారండీ" అనెను. ఆ దినమున మేమే విద్యార్థులమైతిమి. విత్తనమును ఉప్పునీట పోసి తేలిన తాలును తీసివేయుదురట. మునిగినవానిని మంచినీట కడిగి ఒక దినము నానబోయుదురట. నీరు వార్చి గోనెసంచిలో కట్టి, పైన గడ్డి కప్పి మండె కట్టుదురట. మరునాటికి లోపల వేడి పుట్టి ముక్కు పగులునట. గింజకు నీరు, గాలి, వెచ్చదనము కావలెనని మేము మూడు వాక్యములలో వల్లె వేయించుదానిని ఆ గోనెసంచి యంతయు నెఱిగియున్నది. శేరెడు వడ్లతో బడిలోనే మండె కట్టితిమి. మఱునాడు సంచిలో చేయి పెట్టి "కాలుతోంది, కాలుతోంది" అని పిల్లలు వేసిన కేకలకు ప్రక్క తరగతివారు పరుగెత్తి వచ్చిరి. గింజయు ఊపిరి విడుచునని, ఆ వేడి దానిదే యని చెప్పుట కంతకంటె మంచి యదను దొరకదు.

ఈ విజయము మాకు కొంచెము గర్వమును తెచ్చినది. గర్వము వెంట పొరపాటు వచ్చినది.

గత సంవత్సరము జూలై మొదటివారమున నాలుగవ తరగతికి దిక్కుల పాఠము చెప్పవలసివచ్చెను. మాకు సంస్కృతము జ్ఞాపకము వచ్చినది. కాత్యాయనుని శుల్బసూత్రమున తూర్పుపడమరల నెఱుగు విధానము చెప్పబడియున్నది. చదునైన నేలపై శంకువును, అనగా నిలువుకర్రను పాతి, కర్ర పొడవు త్రాటితో దానిచుట్టు వృత్తము గీయవలెను. ఉదయమున నీడకొన వృత్తమును తాకినచోట నొక మేకును, సాయంకాలము మఱల తాకినచోట మఱియొక మేకును నాటవలెను. రెండు మేకులను కలిపిన గీత తూర్పుపడమరల గీత. సూర్యసిద్ధాంతమునను నిట్టి విధానమే కలదు. అందు శంకువునకు పండ్రెండంగుళముల కొలత. వీనిని మేము యౌవనమున వ్యాఖ్యానసహితముగ చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి. కర్ర నొక్కనాడును పాతియుండలేదు.

సరుగుడుకర్ర నొకదానిని అరువది సెంటీమీటర్లు పైకి నిలుచునట్లు పాతితిమి. అది నిటారుగా నున్నదా యని మేము కన్ను చికిలించి చూచుచుండగా తాపీమేస్త్రి కుమారు డొకడు దారమునకు ఇనుపనట్టు కట్టి తెచ్చి ప్రక్కన వ్రేలాడదీసి, "ఇటు ఒరిగిందండీ" అని సరిచేసెను. నేల చదునో కాదో చెంబెడు నీళ్లు పోసి చూచితిమి. ఒక సంగతి యొప్పుకొనవలెను: నీళ్లు తెచ్చుటకును నేల ఊడ్చుటకును బాలికలను, త్రాడు లాగి వృత్తము గీయుటకు బాలురను మేమే పంపితిమి. ఎవ్వరును మాకట్లు చెప్పలేదు. నోరు దానంతట నదియే యట్లు పలికినది. రెండవ దినమున నిది మా మనస్సునకు తట్టగా గులకరాళ్లు పెట్టు పనిని ఒక బాలిక కప్పగించితిమి. అరగంట కొకసారి నీడకొనవద్ద నొక రాయి పెట్టి, దాని ప్రక్క సుద్దతో గంట వ్రాయుట ఆమె పని.

తొమ్మిది దాటగనే నీడ వృత్తమును తాకెను. సాయంకాలము మూడు గంటల ఇరువది నిమిషములు దాటిన వెనుక మఱల తాకెను. మేకులు నాటి దారము బిగించితిమి. గీత బడిగోడకు సమముగా వచ్చినది. కాత్యాయనుడు గెలిచెను, మేమును గెలిచితిమి. ఆ సంతోషమున నల్లబల్లపై నాలుగు వాక్యములు వ్రాసి పిల్లలను చూచి వ్రాసికొమ్మంటిమి. నాలుగవ వాక్య మిది: మధ్యాహ్నమున నీడ ఉత్తరమునకు పడును.

రాళ్లు పెట్టిన బాలిక లేచి, "మాస్టారూ, మధ్యాహ్నం నీడ సముద్రం వైపు పడిందండీ" అనెను. మాకు సముద్రము దక్షిణమున నున్నది. మేము మధ్యాహ్నమున హాజరుపట్టీలతో కూర్చుండి యుంటిమి గాని బయటికి వెళ్లి చూడలేదు. "కర్ర ఒరిగి యుండును, లేనిచో రాయి నెవ్వరో కదిపియుందురు; కూర్చుండుము" అంటిమి. ఆమె కూర్చుండెను.

ఆ రాత్రి నోటుపుస్తకములు దిద్దుచుంటిమి. ముప్పది పుస్తకములలో నాలుగవ వాక్య మొక్క తీరుగ నుండెను. ఆమె పుస్తకమున మాత్రము ఉత్తరము అను మాట క్రింద చెఱిపిన గుర్తు కనబడెను. దీపమునకు అడ్డముగా పట్టి చూచితిమి. మొదట దక్షిణము అని వ్రాసి, రబ్బరుతో కాగితము చిరుగునంతగా చెఱిపి, మా మాటను దానిపై వ్రాసినది. దానిక్రింద కర్రయు వృత్తమును రాళ్లును గల బొమ్మ నొకటి వేసియుండెను. ఆ బొమ్మను చెఱుపుట మఱచినది. అందు రాళ్లన్నియు కర్రకు దక్షిణముననే యున్నవి. ఒక్కటియు ఉత్తరమున లేదు.

మఱునాడు పండ్రెండు కొట్టకమునుపే కర్రవద్ద నిలిచితిమి. మబ్బు విడిచి యెండ వచ్చినది. 12 గంటల 12 నిమిషముల ప్రాంతమున నీడ మిక్కిలి పొట్టిదయ్యెను. కొలువగా ఏడు సెంటీమీటర్లకు కొంచెము మించెను. అది సముద్రమువైపు, సరిగా దక్షిణమునకు, పడియుండెను.

దీని కారణము మేమెఱుగనిది గాదు, అదియే సిగ్గుచేటు. మా యూరు ఉత్తర అక్షాంశము పదునాఱు డిగ్రీల దగ్గఱ నున్నది. సూర్యుడు ఉత్తరాయణమున ఇరువది మూడున్నర డిగ్రీల వఱకు, కర్కటరేఖ దనుక పోవును. కనుక మే మొదటివారము మొదలు ఆగస్టు మొదటివారము దాటువఱకు మధ్యాహ్నసూర్యుడు మాకు ఉత్తరమునకు జరిగియుండును, నీడ దక్షిణమునకు పడును. కర్కటరేఖను బల్లమీద గీసి చూపుచు మేము పదునెనిమిదేండ్లు జీతము తీసికొంటిమి. ఆ సూర్యుని క్రిందనే నలువది యేండ్లు నడచితిమి. ఐనను మా తలలో నున్న నీడ ఈ యూరి నీడ గాదు. ఎన్నడో చదివిన యొక ఆంగ్లపుస్తకములోని నీడ. ఆ పుస్తకము పుట్టిన దేశము కర్కటరేఖకు చాల నెగువ నున్నది. అచ్చట మధ్యాహ్నపు నీడ ఏడాది పొడవునను ఉత్తరమునకే పడును. వారు తమ ముంగిట చూచి వ్రాసిరి. మేము చూడక చదివితిమి. సంస్కృతమున చదివినదియు నట్లే. అక్షాంశమును క్రాంతిని బట్టి నీడను గణించు పద్ధతులు మన సిద్ధాంతగ్రంథములలో నుండగా, మేము వానికి ప్రతిపదార్థము నేర్చితిమి.

ఇంతకంటె మమ్ము కలచినది వేఱొకటి కలదు. కొట్టులో కొన్న పటమును మేము నిందించితిమి. దానియందలి దోషమేమి? పిల్లవాడు చేయి పెట్టకమునుపే అందు జవాబు అచ్చుపడియున్నది. మా ముంగిటి ప్రయోగమున కర్ర యుండెను, ఎండ యుండెను, పిల్లల చేతులకు మట్టియు నంటెను. జవాబు మాత్రము మా నోట ముందే అచ్చుపడియుండెను. పటము తెచ్చినవానికి తన కన్నులపై నమ్మకము పోదు, వాడసలు చూడనే లేదు గనుక. ఈ బాలిక ఎండలో నిలిచి చూచినది, రాయి పెట్టినది, గంట వ్రాసినది, పిమ్మట మార్కులకొఱకు తాను చూచినదానిని తన చేతితోనే చెఱిపినది. ఈ రెండింటిలో నేది యెక్కువ హానియో చదువరులే చెప్పవలెను.

తరగతిలో తప్పు మాదని చెప్పితిమి. మా చిన్ననాట ఏ పంతులుగారును అట్లు చెప్పుట మేము వినలేదు. నోరు తిరుగుట కొంత కష్టమే యైనది. పిల్లలు సంబరపడుదురనుకొంటిమి గాని యెవ్వరును కిక్కురుమనలేదు. ఆ బాలిక పుస్తకము తెఱచి, "మళ్లీ చెరపమంటారా అండీ?" అని యడిగెను. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు రాలేదు. కొంతసేపటికి, చెఱుపవద్దు, బొమ్మ ప్రక్కన నిన్నటి తేదీ వ్రాయుమని చెప్పితిమి. ఆమె వ్రాసెను.

అది మొదలు ఎండ కాచిన ప్రతి మధ్యాహ్నమును నీడను కొలుచుట యాచారమైనది. ఇందుకు విఘ్నములు లేకపోలేదు. మధ్యాహ్నభోజనపు గంటయు నీడవేళయు నించుమించుగ నొక్కటే. పిల్లలు పళ్లెములు చేతబట్టుకొనియే స్కేలు పట్టుదురు. ఒక తండ్రి వచ్చి, "పిల్లల్ని ఎండలో నిలబెట్టి ఏం చదువండీ ఇది?" అని గద్దించెను. అతడు పొలమున దినమంతయు నెండలో నిలుచువాడు. తన బిడ్డ యట్లు నిలువరాదనియే బడికి పంపెను. అతని కోపము మాకు న్యాయముగానే తోచినది. కొలుచుటకు రెండు నిమిషములు చాలునని చూపితిమి. సగము మెత్తబడి వెడలెను. ఇద్దఱు ఉపాధ్యాయులు అయిదు తరగతులు నడపుచోట ఇట్టివి సాగవని తోటి మిత్రుడొకరనిరి. అదియు నిజమే. రెండవ తరగతివారు ఎక్కములు చదువుచుండగా మేము నాలుగవ తరగతివారితో ముంగిట నుండుట వలన ఎక్కములు కొన్ని తప్పిపోయినవి. ఆ నష్టమును మేమింకను పూడ్చలేదు.

జూలై మూడవవారము ముగియుసరికి నీడ అయిదు సెంటీమీటర్లకు తగ్గెను. ఆగస్టు 1వ తేదీన రెండు సెంటీమీటర్లు. గళ్ల కాగితముపై పిల్లలు చుక్కలు పెట్టుచు వచ్చిరి. ఆ కాగితమున పప్పు మరకలు రెండున్నవి. ఈ కాగితమే యిప్పుడు మా గోడమీద నున్న పటము. నీడ యెన్నడు మాయమగునో మే మీసారి చెప్పలేదు. చుక్కల వరుసకు స్కేలు ఆనించి వారే ముందునకు గీసికొని, ఆఱవ తేదీ యని కొందఱు, ఎనిమిదవ తేదీ యని కొందఱు వాదులాడిరి. ఆఱవ తేదీన వాన. ఏడవ తేదీన మబ్బు. ఎనిమిదవ తేదీన పదునొకండు గంటలకు కాసారము వంటి నీలపుముక్క యొకటి మబ్బులో తెఱచుకొనెను. భోజనపు గంట కొట్టినను వరుసలో నిలువక అందఱును కర్రచుట్టు మూగిరి. 12 గంటల 14 నిమిషములకు కర్రకు నీడ లేదు. ఒకటవ తరగతి పసివాడొకడు తన నీడ ఏమైనదోయని రెండు పాదములు ఒక్కసారిగా నెత్తి దుమికి క్రిందికి చూచెను. తక్కినవారును దుముకసాగిరి. పళ్లెములు గణగణలాడెను. ఆ బాలిక మాత్రము కర్ర మొదట నొక రాయి పెట్టి గంట వ్రాసికొనెను.

స్వాతంత్ర్యదినోత్సవమునాటికి నీడ రెండు సెంటీమీటర్ల పొడవున ఉత్తరమునకు పడియుండెను. జెండావందన మయిన పిమ్మట మిఠాయి నోట పెట్టుకొని కర్రవద్దకు వచ్చిన తాపీమేస్త్రి కుమారుడు దానిని చూచి, మా వంక చూచి, మమ్మోదార్చు తీరున, "మీరు చెప్పింది కరెక్టేనండీ మాస్టారూ, కాస్త ముందు చెప్పేశారంతే" అనెను.